అల్లుడూ, షాపు సంగతి తర్వాత, ముందు వంద డబ్బాలు అమ్ము

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది, హైదరాబాద్ లో ఉద్యోగం మానేసి వచ్చేసి పూతరేకుల వ్యాపారం పెడతానంటున్నాడు, నీ మాటైతే వింటాడు, ఆపు అన్నయ్యా అని. నేను ఆపనురా. ఇంటర్ తప్పి 1989లో రావులపాలెం బస్టాండ్ లో బుట్ట పట్టుకుని బస్సు కిటికీల కింద పరిగెత్తినోడిని, నిన్ను ఆపడానికి నాకేం మొహం ఉంది చెప్పు. కానీ నువ్వు వాట్సాప్ లో పెట్టిన ఆ ప్లాన్ మొత్తం చదివాను, కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను, అందుకే ఇదంతా రాస్తున్నాను, ఫోన్ లో చెప్తే నువ్వు సరే మావయ్యా సరే మావయ్యా అని పెట్టేస్తావు.

హైవే మీద షాపు, ఏసీ, అద్దాలు, బోర్డు, అడ్వాన్సు, అన్నీ కలిపి పన్నెండు లక్షలు, మీ నాన్న ఎకరం కొబ్బరితోట కాగితాలు బ్యాంకులో పెట్టి. లోగో గురించి ఒక పేజీ రాశావు, బానే ఉంది ఆ లోగో. అరువు గురించి మాత్రం ఒక్క లైను లేదు. ఎవరికి ఇస్తావు, ఎన్ని రోజులకి ఇస్తావు, రాకపోతే ఏం చేస్తావు, ఏమీ లేదు. మన వైపు చిన్న వ్యాపారాలు మునిగేది సరుకు బాలేక కాదురా, సరుకు బాగుంటేనే ఎక్కువ మునుగుతాయి, ఎందుకంటే బాగున్న సరుకే అందరూ అరువు అడుగుతారు.

ముందు రేకు సంగతి చెప్తాను. ఆత్రేయపురం పోయి ఒక పది రోజులు ఉండు. షాపులో కాదు, రేకు తీసే ఇంట్లో, ఆ పొయ్యి దగ్గర కూర్చో. జయ బియ్యం నానబెట్టి వెన్నలా రుబ్బి పల్చగా కలుపుతారు, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు పెట్టి మంట వేస్తారు, పల్చటి గుడ్డ ఆ పిండిలో ముంచి కుండ మీద అలా లాగేస్తారు, రెప్పపాటులో రేకు లేస్తది. ఆ మంట ఎక్కువైతే రేకు మాడుద్ది, తక్కువైతే అంటుకుపోద్ది, పిండి చిక్కబడితే అప్పడంలా అవుద్ది. నీకు తీయడం రాకపోయినా పర్లేదు, నాకే ఇప్పటికీ సరిగ్గా రాదు, మీ అత్త నవ్వుద్ది. కానీ ఒక కట్ట చేతికిస్తే ఇది నిన్నటిదా మొన్నటిదా, చెమ్మ తగిలిందా లేదా చెప్పగలగాలి. రేకు తీసేది ఒకరు, చుట్టేది ఇంకొకరు, అమ్మేది నువ్వు, మధ్యలో తేడా వస్తే తిట్టు తినేది కూడా నువ్వే. ఇంకోటి, ఆ రేకు తీసే ఆడవాళ్ళకి ఏ రోజు డబ్బులు ఆ రోజే ఇచ్చెయ్, ఇది ఎందుకు చెప్తున్నానో కింద రాస్తాను.

2015 గోదావరి పుష్కరాలు గుర్తున్నాయా, నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు, జూలై 14 నుంచి 25 దాకా పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులు నేనూ మీ అత్తా నిద్రపోలేదు, తెచ్చిన సరుకు తెచ్చినట్టే అయిపోయేది. ఆ ఊపులో ఒక సిటీ షాపాయన వచ్చి సరుకు చూసి మెచ్చుకుని, వారం వారం పంపండి నెలకోసారి లెక్క చూసుకుందాం అన్నాడు. మొదటి రెండు నెలలు అణా పైసలతో సహా పంపించాడు. మూడో నెల సగం పంపి పండగ తర్వాత ఇస్తానన్నాడు, నేను ఇంకా ఎక్కువ సరుకు పంపాను, ఎందుకంటే ఆపితే పాత బాకీ రాదేమో అని భయం. ఆ భయమే వాళ్ళకి కావాలి. 2016 సంక్రాంతి దాటేసరికి లక్షా నలభై వేలు అక్కడ ఇరుక్కుంది. ఫోన్ ఎత్తడు, వెళ్తే కుర్చీ వేసి కాఫీ ఇస్తాడు, డబ్బులు మాత్రం ఇవ్వడు.

అప్పుడు మీ అత్త మెడలో బంగారు నాను తాకట్టు పెట్టాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా తెలీదు, నువ్వు చెప్పకు. నాను కంటే నన్ను ఎక్కువ కాల్చింది వేరే ఉంది. రేకులు ఇచ్చే ఒకావిడకి రెండు వారాల డబ్బులు బాకీ పడ్డాను, ఆవిడ ఒక రోజు పొద్దుపోయాక మా గేటు దగ్గరికొచ్చి నిలబడింది. బాగున్నారా అండి, అమ్మగారు బాగున్నారా అండి అని అడిగింది, అంతే, డబ్బులు అడగలేదు, అయిదు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. సిటీ ఆయన్ని నేను ఎలా అడగలేకపోయానో ఆవిడ నన్ను అలాగే అడగలేకపోయింది. మన గోదావరి మర్యాద చాలా గొప్పది, అందరూ పొగుడుతారు, భోజనాల దగ్గర అది చాలా బాగుంటది, పద్దు పుస్తకం దగ్గర మాత్రం అది మనల్ని చంపేస్తది.

లెక్క చూడు, ఊరికే లెక్క కోసం అనుకో. ఒక డబ్బా రెండొందలకి అమ్ముతున్నావు, రేకు, నెయ్యి, పంచదార, జీడిపప్పు, కూలి, డబ్బా, పార్సిల్ అన్నీ కలిపి నూట యాభై అయింది, నీకు యాభై మిగిలింది. ఒక్క డబ్బా డబ్బులు రాలేదనుకో, పోయింది యాభై కాదురా, నూట యాభై. అది పూడాలంటే ఇంకో మూడు డబ్బాలు అమ్మాలి, ఆ మూడూ నువ్వు ఉత్తినే చేసినట్టు. ఇంజనీరింగ్ చదివావు కదా నీకు నేను చెప్పక్కర్లేదు, కానీ నీ ఎక్సెల్ లో ఇది లేదు. అందులో అమ్మిందంతా వచ్చినట్టే రాసుకున్నావు.

చుట్టాల సంగతి ఇంకా దారుణం. మన వైపు ఆషాఢం సారె, శ్రావణం సారె, సంక్రాంతికి కొత్తల్లుళ్ళు, ఒక్కో ఇంటికి బిందెలు బిందెలు స్వీట్లు, ఇదంతా నీకు పెద్ద బేరమే, ఒక్క సారె ఆర్డరు నెల రోజుల చిల్లర బేరంతో సమానం. కానీ పెళ్ళివారు సరుకు పట్టుకెళ్ళేటప్పుడు మనోడే కదా, పెళ్ళి అయ్యాక చూసుకుందాం అంటారు. పెళ్ళి అయ్యాక వాళ్ళ దగ్గర నిజంగానే డబ్బులుండవు, అది కూడా అబద్ధం కాదు పాపం. నాకు నోరు రాదు కాబట్టి 2016 తర్వాత ఆర్డర్లన్నీ మీ అత్తకి అప్పజెప్పాను. సగం అడ్వాన్సు పడితేనే నెయ్యి కాచేది, మిగతా సగం సరుకు ఎత్తేటప్పుడు అని ఆవిడ నవ్వుతూనే చెప్పేస్తది. మొదటి ఏడాది ముగ్గురు చుట్టాలు అలిగారు. అందులో ఇద్దరు మళ్ళీ వచ్చారు, మూడో ఆయన ఇప్పటికీ మా వీధిలోంచి వెళ్తూ తల తిప్పుకుంటాడు, వెళ్ళనీ.

2027 పుష్కరాలకి షాపు రెడీ అవ్వాలన్నావు. పుష్కరాలు పన్నెండు రోజులురా, అద్దె పన్నెండు నెలలు. పైగా ఈసారి కూడా వానల్లోనే వస్తున్నాయి, జూన్ నెలాఖర్లో మొదలు. రేకుకి చెమ్మే మృత్యువు, వానాకాలం నిలవ పెట్టావంటే కరకరలాడేది కాస్తా సాగుద్ది, బెల్లంవి ఇంకా తొందరగా మెత్తబడతాయి. గాలి చొరని డబ్బాలు, తక్కువ సరుకు, రోజూ కొత్తది, అంతకంటే మార్గం లేదు. పుష్కరాలకంటే వాడపల్లి వెంకన్న గుడి దగ్గర శనివారాలు నయం, ఏడు శనివారాల మొక్కని జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఒకసారి నచ్చితే అదే మనిషి ఏడు వారాలు నీ దగ్గరికే వస్తాడు, అలాంటి బేరం ఏసీ షాపుకి కూడా రాదు.

ఆత్రేయపురం పేరు డబ్బా మీద వేస్తానన్నావు కదా, ఆగు. అక్కడి తయారీదారుల సంఘం దరఖాస్తు పెడితే 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు అనే హక్కు వచ్చింది, ఇప్పుడు ఎవడు పడితే వాడు ఆ పేరు వాడే పని కాదు. అక్కడ తయారైన సరుకై ఉండాలి, వాడేవాళ్ళు నమోదు చేయించుకోవాలి. ఎలాగూ పది రోజులు అక్కడుంటావు కాబట్టి సంఘం వాళ్ళని కలిసి పద్ధతిగా వెళ్ళు, లేదంటే నీ పేరు మీదే అమ్ముకో, అదీ తప్పేం కాదు.

కాగితాలు పెద్ద పనేం కాదు. తిండి సరుకు అమ్మేవాళ్ళకి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ మేం తీసుకున్నప్పుడు ఏడాదికి వంద రూపాయలు, అమ్మకం పన్నెండు లక్షల లోపు వాళ్ళకి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉత్తినే, ఆన్ లైన్లో నువ్వే చేసుకో, దానికి వెయ్యి అడిగేవాళ్ళు ఉంటారు, ఇవ్వకు. రాష్ట్రం దాటి సరుకు పంపాలంటే జీఎస్టీ కావాలి, కాబట్టి మొదట్లో మన ఆర్టీసీ కార్గోలో విజయవాడ, వైజాగ్ వరకే చూసుకో, హైదరాబాద్ ఫ్రెండ్స్ ఆర్డర్లు తర్వాత. పార్సిల్ మొదటిది నీ ఇంటికే నువ్వు పంపించుకుని చూడు, పొడి అయి వచ్చిందా రేకులా వచ్చిందా అని. నేను చేయలేదు ఆ పని, మొదటి ఇరవై పార్సిళ్ళు పొడే పంపాను.

అప్పు విషయానికొస్తే తోట కాగితాలు బీరువాలోంచి తీయొద్దు, ఇది మాత్రం మేనమామగా చెప్తున్నాను. ముద్ర లోన్లలో శిశు అని ఉంది, యాభై వేల దాకా, తనఖా అక్కర్లేదు, దాంతో కుండలూ నెయ్యీ డబ్బాలూ వచ్చేస్తాయి. కొత్త యూనిట్ పెట్టేవాళ్ళకి కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ లోన్లో సబ్సిడీ ఉంది, పల్లెటూళ్ళో జనరల్ వాళ్ళకి 25 శాతం, ఆడవాళ్ళ పేరు మీదైతే 35, ఎవడో చెప్పి ఉంటాడు నీకు. కానీ ఆ సబ్సిడీ డబ్బు నీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్ కింద ఉంటది, అప్పటిదాకా యూనిట్ నడవాలి. సబ్సిడీ చూసి అప్పు సైజు పెంచుకున్నవాళ్ళని నేను చూశాను, రేకుకి అరిటాకంత కుండ కొన్నట్టు ఉంటది వ్యవహారం. ఇంకా, వ్యాపారం డబ్బు చీటీల్లో వెయ్యకు. ఇంటి ఖాతా వేరు, వ్యాపారం ఖాతా వేరు, ఫోన్ పే క్యూఆర్ కూడా ఆ రెండో ఖాతాదే పెట్టు, లేకపోతే సినిమా టికెట్లు కూడా నెయ్యి ఖర్చులో కలిసిపోతాయి.

ఇప్పుడు నీ పని చెప్తాను. వచ్చే శనివారం తెల్లారగట్ల నాలుగింటికి మా ఇంటికి రా. వంద డబ్బాలు కట్టి ఉంచుతాను, వాడపల్లిలో నిలబడి అమ్ము, సాయంత్రం ఎన్ని మిగిలాయో, ఎవడు ఏమన్నాడో, ఎవడు ఎంత బేరమాడాడో పుస్తకంలో రాసి నాకు చూపించు. అలా ఏడు శనివారాలు అయ్యాక నువ్వే షాపు అను, నేను వచ్చి హైవే మీద స్థలం చూస్తాను.

డబ్బా నూట అరవై చొప్పున వంద డబ్బాలకి పదహారు వేలు, వచ్చేటప్పుడు పట్టుకురా. మొహమాటం ఏం లేదు, డబ్బులు మీ అత్త చేతిలో పెట్టాకే డబ్బాలు ఆటో ఎక్కుతాయి.

మీ మావయ్య