పాఠకుల ప్రశ్నలు: పాట నోటికి వచ్చింది, కాలువ దగ్గర అడుగు ఆగలేదు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా ప్రాంతం. సాగర్ ఎడమ కాలువ మా ఊరికి దగ్గరే. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. నీళ్ళ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదని చెప్పే ఒక కార్టూన్ పాటను ఫోన్‌లో నెల రోజులు చూపించాను. పిల్లలందరికీ కంఠతా వచ్చింది. అయితే అందరికంటే బాగా పాడే నాలుగేళ్ళ బాబే మొన్న పిల్లకాలువలో చెప్పు పడిపోతే తీసుకోవడానికి దిగబోయాడు. దారిన పోయే ఒక పెద్దాయన చూసి పట్టుకున్నాడు. నేను నేర్పడంలో లోపం ఎక్కడ ఉంది?

జవాబు: ముందుగా ఆ పెద్దాయనకు నమస్కారం. మీరు శ్రద్ధగానే నేర్పారు, బాబు కూడా శ్రద్ధగానే నేర్చుకున్నాడు. కాని అతడు నేర్చుకున్నది పాట. నీటి అంచున నిలబడి, కొట్టుకుపోతున్న చెప్పును చూస్తూ, ఇంటికి పోతే అమ్మ కోప్పడుతుందని బెదురుతున్న క్షణంలో వెనక్కి అడుగు వేయడం వేరే విద్య. ఈ వయసు పిల్లలు సూత్రాన్ని తప్పు లేకుండా అప్పజెప్పగలరు గాని, అది వర్తించే సందర్భం ఎదురైనప్పుడు దాన్ని గుర్తుకు తెచ్చుకుని పాటించలేరు. పాటలోని నీళ్ళు నీలం రంగువి, మీ కాలువ నీళ్ళు ఎర్రమట్టివి. ఈ రెండూ ఒకటేనని పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు, నాలుగేళ్ళ బిడ్డకు మాత్రం చెప్పాలి.

అందువల్ల పాటను మానవద్దు, దాన్ని ఆటలోకి దింపండి. కేంద్రం వాకిట్లో ముగ్గుపిండితో రెండు గీతలు గీసి కాలువ అనండి. మధ్యలో ఒక చెప్పు వేయండి. ముందు మీరే చేసి చూపండి: గీతకు రెండడుగుల దూరంలో ఆగి, వెనక్కి జరిగి, గట్టిగా పెద్దవాళ్ళను పిలవడం. తరువాత ఒక్కొక్క పిల్లవాడి చేత చేయించండి. సరిగా చేసిన వెంటనే మెచ్చుకోండి, తప్పితే కోప్పడకుండా మళ్ళీ చేయించండి. మరునాడు చెప్పుకు బదులు బంతి వేయండి, ఆ తరువాత మేకపిల్ల బొమ్మ, ఆఖరున తోటి పిల్లవాడే పడినట్లు ఆడండి. స్నేహితుణ్ణి రక్షించబోయి తానూ దిగడం పిల్లలు తరచుగా చేసే పొరపాటు కనుక, ఈ చివరి ఆటను వదిలిపెట్టవద్దు. వారం పది రోజుల తరువాత ముందుగా చెప్పకుండా మరొకసారి ఆడి చూస్తే ఎంత నిలిచిందో మీకే తెలుస్తుంది. ఈ అభ్యాసం ఎప్పుడూ వాకిట్లోనే జరగాలి గాని కాలువ గట్టు మీద కాదు.

చేతిబొమ్మ ఉంటే ఇంకా బాగుంటుంది. పాత మేజోడుకు రెండు గుండీలు కుట్టినా చాలు. ఆ బొమ్మ ప్రతిసారీ తప్పు చేయాలి, పిల్లలు దాన్ని ఆపాలి. ఇతరులను దిద్దే అవకాశం వచ్చినప్పుడు పసిపిల్లలు చూపే పట్టుదల నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. బొమ్మకు పదిసార్లు నేర్పిన పిల్లవాడు తానూ పదిసార్లు నేర్చుకుంటాడు. పాట కొత్తగా కట్టాలంటే బొడ్డెమ్మ ఆటలోని ఉయ్యాల పాటల బాణీ తీసుకోండి. మీ పిల్లలకు ఆ లయ, చప్పట్లు, వలయంగా తిరగడం ముందే తెలుసు. ఒక చరణంలో ఒకే పని ఉండాలి, అదీ చేయవలసిన పనిగా ఉండాలి. "వెళ్ళకు" అన్న మాటకంటే "ఆగు, వెనక్కి రా, పిలువు" అన్న మాటలకు పిల్లల ఒళ్ళు తొందరగా కదులుతుంది.

ఫోన్ విషయంలో కొంచెం పొదుపు అవసరం. రెండేళ్ళ లోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదని, అంతకంటే తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇంట్లో చూసేది కూడా ఆ గంటలో భాగమే. మీరు చూపే వీడియో చిన్నదిగా, నిదానంగా, ఒకే విషయం మీద ఉండాలి. మధ్యలో ఆపి "ఇప్పుడు పాప ఏం చేయాలి?" అని అడగాలి. మాట్లాడే జంతువుల కథలకంటే మనుషుల కథలు మేలు. కెనడాలోని టొరంటో పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పంచుకోవడం గురించి మనిషి పాత్రల కథ విన్న పిల్లలు ఆ తరువాత తమ వస్తువులను ఎక్కువగా పంచుకున్నారు, అదే కథను జంతువుల పాత్రలతో విన్నవారిలో ఆ మార్పు రాలేదు. మీ ఊరి కాలువను, తూమును, మీ పిల్లల ఇళ్ళనే ఫోన్‌తో ఫొటోలు తీసి అట్టల మీద అంటించి కథ చెప్పండి. దానికి సాటి వచ్చే కార్టూన్ నేను చూడలేదు.

ఇంకొక మాట తప్పక చెప్పాలి. మన పత్తి చేలల్లో వాడే పురుగుల మందును కొందరు కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెడతారు. ఆ సీసాను గుర్తించడం ఏ బొమ్మల అట్టతోనూ పిల్లలకు నేర్పలేము. మందును అది వచ్చిన డబ్బాలోనే ఉంచి తాళం వేయడం పెద్దల పని. పాడుబడిన బోరుబావులను పూడ్చాలని, బోరు గొట్టానికి మూత బిగించాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండు విషయాలూ పిల్లల పాటకంటే ముందు మాట్లాడండి.

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. కొడుకు, కోడలు పనికి ముంబయి పోయారు. ఐదేళ్ళ మనుమరాలు నా దగ్గర ఉంటుంది. ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయకుండా చూసుకోవాలని టీవీలో చెబుతున్నారు. పసిదానికి ఈ సంగతి ఎట్లా చెప్పాలి? భయపడదా?

జవాబు: అమ్మా, మీరు అడిగారంటేనే ఆ బిడ్డకు సగం రక్షణ దొరికినట్లు. భయపెట్టే కథ అవసరం లేదు. స్నానం చేయించేటప్పుడు కన్ను, ముక్కు, చెయ్యి అని పేర్లు చెప్పినట్లే మిగతా భాగాల పేర్లూ సిగ్గు పడకుండా చెప్పండి, పేరు తెలిసిన బిడ్డే జరిగింది చెప్పగలదు. గుడ్డబొమ్మకు లంగా, జాకెట్టు తొడిగి, "ఈ బట్టల కింద ఉన్నవి బొమ్మ సొంతం, ఎవరూ తాకకూడదు, చూపమని అడగకూడదు, ఫొటో తీయకూడదు, డాక్టరమ్మ చూసినా నాయనమ్మ పక్కనే ఉండాలి" అని ఆటలో చెప్పండి. చెడు స్పర్శ అంటే నొప్పి పెట్టేదే అనుకుంటే బిడ్డ మోసపోతుంది, ఎందుకంటే అది మిఠాయితో, నవ్వుతో కూడా రావచ్చు. కాబట్టి "ఎవరికీ చెప్పకు" అన్న మాటనే గుర్తుగా పెట్టండి. ఆ మాట ఎవరు అన్నా బిడ్డ వెంటనే మీకు చెప్పాలి. కొత్తవాళ్ళతో పోవద్దంటే సరిపోదు, ఇలాంటి నేరాలలో ఎక్కువ భాగం బిడ్డకు తెలిసినవారే చేస్తారు. నాయనమ్మకు చెప్పకుండా ఎవరితోనూ పోకూడదని నేర్పండి.

ఒక కాగితం మీద ఆమె అరచేతిని పెట్టి చుట్టూ గీత గీయించి, ఒక్కొక్క వేలి మీద కష్టం వస్తే చెప్పుకోదగిన మనిషి బొమ్మ వేయించండి. అమ్మానాన్నలు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఆ చేతిని చూపించమనండి. చుట్టాలు ముద్దు పెట్టమంటే బిడ్డ వద్దన్నప్పుడు బలవంతం చేయవద్దు, దండం పెట్టినా మర్యాదే. ఎప్పుడైనా ఏదైనా చెబితే, "నువ్వు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు" అన్నదే మీ మొదటి మాట కావాలి. పిల్లల సహాయ నంబరు 1098కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం ఇలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు తెలపడం బాధ్యత, ఊరి పరువు కోసం దాచడం చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: మా నాలుగేళ్ళ బాబు అబద్ధాలు చెబుతున్నాడు. "నాన్నా పులి" కథ రోజూ చెబుతున్నాను. మార్పు లేదు. (ఒక తండ్రి, వనపర్తి)

జవాబు: ఆ కథలో అబద్ధానికి శిక్ష ఉంది గాని, నిజానికి దక్కిన మేలు ఎక్కడా లేదు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకు వేర్వేరు కథలు చెప్పి చూశారు. అబద్ధమాడి తోడేలు పాలైన గొర్రెల కాపరి కథ (మన పులి కథ లాంటిదే) విన్నవారిలో అబద్ధాలు తగ్గలేదు. చెట్టు నరికింది తానేనని ఒప్పుకుని తండ్రి మెప్పు పొందిన బాలుడి కథ విన్నవారు మాత్రం ఎక్కువగా నిజం చెప్పారు. అదే కథకు చెడ్డ ముగింపు పెడితే ఆ ఫలితమూ పోయింది. కనుక నిజం చెప్పి ఆదరణ పొందిన పిల్లవాడి కథ మీరే అల్లండి, మీ ఇంట్లోనూ అది నిజం కానివ్వండి. గాజు గ్లాసు పగిలిన చప్పుడు విన్నాక "ఎవరు పగలగొట్టారు?" అని తెలిసిన సంగతే అడగవద్దు. "గ్లాసు పగిలింది, ముక్కలు నేను ఏరతాను, నువ్వు దూరంగా నిలబడి చీపురు అందించు" అనండి.