కాలి పుండుకు కాంతితో పనిచేసే జెల్ వాడవచ్చునా?

మధుమేహమున్న మీ నాన్నగారి అరికాలి పుండుకు, యాంటీబయాటిక్ మాత్రలు మానేసి, కాంతి తగిలినప్పుడు బ్యాక్టీరియాను చంపే హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే మెత్తని జెల్) వాడవచ్చునా అని అడిగారు. అటువంటి జెల్ మీద నేను ప్రయోగశాలలో మూడేళ్లు పనిచేశాను; ఆ రోజుల్లోనే మా అమ్మ కాలి పుండుకు కట్లు మార్చినదీ నేనే. దాని కోసం చికిత్స ఆపవద్దనే చెబుతాను.

మా జెల్‌లో ముఖ్యంగా ఉన్నవి రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్, నీరు, మిథిలీన్ బ్లూ అనే రంగు. దాదాపు 660 నానోమీటర్ల ఎర్రని కాంతి పడితే ఆ రంగు తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్‌గా, అంటే చాలా చురుగ్గా చర్య జరిపే రూపంలోకి, మారుస్తుంది. అది నీటిలో కొన్ని మైక్రోసెకన్లే నిలిచినా, ఆలోపే బ్యాక్టీరియా పొరలనూ ప్రోటీన్లనూ దెబ్బతీస్తుంది. బ్యాక్టీరియాను పెంచే అగర్ పళ్లెంలో సగాన్ని అల్యూమినియం రేకుతో కప్పి దీపం కింద పెడితే, మర్నాటికి కప్పిన సగంలో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా మీగడలా పరుచుకునేది, కాంతి పడిన సగం శుభ్రంగా ఉండేది. ఆ పళ్లెం చూసి మేము చాలా మురిసిపోయాము.

చిక్కంతా దట్టంగా పెరిగిన బ్యాక్టీరియాతో వచ్చింది. గొట్టంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను బాగా పెంచి జెల్ వేస్తే, తెల్లవారేసరికి నీలం వెలిసిపోయి, పైన గాలి తగిలే చోట సన్నని గీతగా మాత్రమే మిగిలింది. బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసుకుని రంగును క్షయకరణం చేశాయి, అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి రంగులేనిదిగా మార్చాయి. పాల నాణ్యతకు డెయిరీల్లో చేసే నీలిరంగు పరీక్షలో జరిగేదీ ఇదే. ఆక్సిజన్ లేనిచోట ఈ రంగు మీద దీపం ఎంతసేపు వెలిగించినా పెద్దగా ఫలితం ఉండదు. రక్తప్రసరణ తగ్గిన మధుమేహ పుండులో ఆక్సిజన్ ముందే తక్కువ. పైగా ఎర్రని కాంతి కణజాలంలోకి కొన్ని మిల్లీమీటర్లే చొరబడుతుంది, చీము, కుళ్లిన కండ అడ్డుంటే అదీ కష్టమే. కాంతిని వేడిగా మార్చే అతి సూక్ష్మమైన బంగారు నానోకడ్డీలు కలిపి, ఆ వేడితో బ్యాక్టీరియాను చంపే జెల్‌లకు ఆక్సిజన్‌తో పని లేదు కానీ, 50 డిగ్రీలు దాటితే పక్కనున్న మంచి కండ కూడా కాలవచ్చు, స్పర్శ పోయిన పాదానికి ఆ సంగతి తెలియదు.

మా అమ్మను చూసిన మొదటి రోజునే శస్త్రవైద్యుడు సన్నని లోహపు పుల్లను పుండులోకి పోనిచ్చారు; అడుగున అది గట్టిగా ఎముకకు తగిలింది, అంటే ఇన్ఫెక్షన్ ఎముక దాకా చేరి ఉండవచ్చు. అంత లోతుకు మా దీపం వెలుగు అందదని నాకు అక్కడే అర్థమైంది. కుళ్లిన కండను కోసి తీసేశారు, పాదం మీద బరువు పడకుండా చేశారు, ఆరు వారాలు యాంటీబయాటిక్ ఇచ్చారు. మీ నాన్నగారికి ఆ పుల్ల పరీక్ష, ఎక్స్‌రే అయ్యాయో లేదో ముందు కనుక్కోండి. మిథిలీన్ బ్లూ, ఎర్ర దీపం కొని ఇంట్లోనే ప్రయత్నించే ఆలోచన ఉంటే మానుకోండి.