అమ్మకు మతిమరుపేనా? ముందు ఆ నిద్రమాత్ర సంగతి తేల్చండి

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నాన్నగారు పోయి పది నెలలైంది. ఖమ్మంలో ఒంటరిగా ఎందుకని మూడు నెలలు హైదరాబాద్‌లో మా ఇంట్లో, మూడు నెలలు విజయవాడలో చెల్లెలి దగ్గర ఉంచుతున్నాం. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. అమ్మకు ఈ మధ్య మతిమరుపు వచ్చింది. అన్నం సహించదు, ఎవరితోనూ మాట్లాడదు. నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో అల్ప్రజోలం 0.5 ఇచ్చారు. మొదట ఒకటి వేసుకునేది, ఇప్పుడు రెండు వేసుకుంటోంది. రెండుసార్లు బాత్రూమ్ దగ్గర తూలి పడింది. బీపీ, షుగర్ ఉన్నాయి. నా భార్యే చూసుకుంటోంది, ఆమెకూ ఓపిక అయిపోయింది. అల్జీమర్స్ ఏమోనని భయంగా ఉంది. మెదడు స్కాన్ చేయించాలా? జ్ఞాపకశక్తికి మంచి టానిక్ ఏదైనా చెప్పగలరు.

జవాబు: టానిక్ ఏదీ లేదు, కొనకండి. స్కాన్ విషయం తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ నిద్రమాత్ర. మీరు దాన్ని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు.

అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. 65 దాటినవాళ్లకు ఈ జాతి మందులు వీలైనంతవరకు ఇవ్వొద్దని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ వారి బీర్స్ జాబితా చెబుతోంది. కారణం ఉంది. వయసులో ఉన్నవాళ్ల ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడితే, పెద్దవాళ్లకు 16 గంటల దాకా పడుతుంది. అంటే రాత్రి తొమ్మిదింటికి వేసుకున్న ఒక మిల్లీగ్రాములో సగం మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా రక్తంలోనే ఉంటుంది. ఆ రాత్రి మళ్లీ రెండు మాత్రలు. మాట ముద్దగా రావడం, చెప్పింది మర్చిపోవడం, నడకలో తూలడం, వీటన్నిటికీ ఇదొక్కటే కారణమైనా ఆశ్చర్యం లేదు. కొద్ది వారాలకే ఒకటి చాలక రెండు కావడం కూడా ఈ మందు గుణమే.

అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. రోజూ వాడుతున్న మాత్రను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మనిషి పూర్తిగా అయోమయంలో పడొచ్చు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తాం. నెలలు పడుతుంది. ఆమెకు ఎంత చొప్పున తగ్గించాలో దగ్గరుండి చూసే డాక్టరే చెప్పాలి. తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రాత్రులు నిద్ర చెడుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా అక్కడే ‘చూశారా, మాత్ర లేకపోతే అమ్మకు నిద్రే లేదు’ అని మళ్లీ మొదలుపెడతారు. అది మందు వదులుతున్నప్పటి బాధ, ఓపిక పట్టాలి. పక్కనే ఇంకో లెక్క కూడా చూడండి. పగలు రెండు గంటలు కునుకు తీసి, రాత్రి ఎనిమిదింటికే పడుకుని, మూడింటికి లేచి ‘నిద్ర పట్టలేదు’ అనే పెద్దవాళ్లు చాలామంది. అది ఏడు గంటల నిద్ర. పది దాటాక పడుకోబెట్టండి, పగటి కునుకు అరగంటకు మించనివ్వకండి.

స్కాన్ అడిగారు. అల్జీమర్స్ సంగతి ఎలా ఉన్నా, పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే సీటీ ఈ వారంలోనే తీయించండి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే ఇవాళే. పెద్దవాళ్లలో పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరి, వారాల తర్వాత మతిమరుపులా బయటపడొచ్చు. దాంతోపాటు సోడియం, థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ చూపించండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 పడిపోవచ్చు. బీపీ మాత్రలో క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం ఎక్కువయ్యే మందు ఉంటే సోడియం పడిపోవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడమనండి. పై అంకె 20 పడిపోతే ఆ తూలడానికి అదీ ఒక కారణం.

ఇవన్నీ చూశాక మిగిలేది దిగులు జబ్బు. ఆమెను చూడకుండా రోగం పేరు పెట్టలేను గానీ, నా అనుమానం దానిమీదే ఉంది. మన పెద్దవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. ‘కాళ్లు లాగుతున్నాయి, కడుపులో మంట, నోరు చేదు’ అంటారు. మన దేశంలో 2017-18లో జరిగిన లాసీ సర్వేలో 60 దాటినవాళ్లలో నూటికి ఎనిమిది మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. డాక్టరు ఆ జబ్బని తేల్చింది నూటికి ఒక్కరికి కూడా లేదు. మిగతావాళ్లంతా గ్యాస్ మాత్రలు, నిద్రమాత్రలు మింగుతూ ఉండిపోతున్నారు. పెద్దల కోసమే తయారైన, దిగులును పట్టే 15 ప్రశ్నల పరీక్ష జీడీఎస్ ఉంది. అయిదారు నిమిషాల పని. మార్కులు అయిదు దాటితే లోతుగా చూడాలి. ఆ ప్రశ్నలు అడిగేటప్పుడు మీరెవరూ గదిలో ఉండకండి, కొడుకు ముందు ఏ తల్లీ నిజం చెప్పదు. మందు అవసరమైతే పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారానికే గుణం లేదని మానేయొద్దు. మొదలుపెట్టిన రెండు వారాలకు సోడియం మళ్లీ చూడాలి.

మందులు లేకుండా సాయపడేవీ ఉన్నాయి. గోవాలో 60 దాటిన 181 మందిపై చేసిన పరిశోధన 2019లో వచ్చింది. వాళ్లకు కొద్దిపాటి దిగులు లక్షణాలున్నాయి. శిక్షణ పొందిన మామూలు మనుషులు, సైకియాట్రిస్టులు కారు, వాళ్లలో సగం మందితో కూర్చున్నారు. ఒక్కో సమస్యను చిన్న చిన్న పనులుగా విడగొట్టడం, నిద్రవేళలు సరిచేయడం నేర్పారు. ఏడాదిలో పెద్ద డిప్రెషన్ వచ్చింది వాళ్లలో 4.4 శాతం మందికి. మిగతావాళ్లలో 14.4 శాతం. మీ అమ్మగారి పరిస్థితి వాళ్లకన్నా ముదిరినట్టుంది కాబట్టి ఇదొక్కటే చాలదు, వైద్యంతో పాటు చేయాలి.

ఇక వంతులు. మీరు మంచికే చేశారు. కానీ మూడు నెలలకోసారి మంచం మారుతుంది, రాత్రి చీకట్లో బాత్రూమ్ ఎటువైపో తడుముకోవాలి, ఊరికో డాక్టరు, చీటీకో కొత్త మాత్ర. అదే బీపీ మందు రెండు పేర్లతో రెండుసార్లు వేసుకోవడం ఇలాగే జరుగుతుంది. కనీసం ఆరు నెలలు ఒకే చోట ఉంచండి. ఎక్కడో ఆమెనే అడగండి. ఖమ్మం అంటే వెంటనే కొట్టిపారేయకండి. రాత్రికి తోడు మనిషి, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టగలిగితే ఆ ఇంటి అరుగు మీది మాటలు మంచే చేస్తాయి. ‘నువ్వు కూర్చో అమ్మా’ అని వంటింట్లోంచి పంపేయకండి. కూరగాయలు తరగడం, పోపు పెట్టడం ఆమెవే. పెన్షన్ పుస్తకం ఆమె చేతిలోనే ఉండాలి.

మీ భార్య ఓపిక అయిపోయిందన్నారు. చూసుకునేవాళ్లు అలసిపోతే మందులు తప్పుతాయి, మాటలు విసురుగా వస్తాయి, అది పెద్దావిడకు తగులుతుంది. వారంలో ఒక పూర్తి రోజు మీరు చూసుకోండి. మీ అన్నయ్య డబ్బు పంపుతుంటే అందులోంచి మనిషిని పెట్టండి. రోజూ ఒకే వేళకు ఆయన అమ్మతో ఫోన్‌లో మాట్లాడాలి.

‘నేను పోతే మీకు పీడ వదులుతుంది’ లాంటి మాట ఎప్పుడైనా అంటే చాదస్తమని తోసేయకండి. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. మాత్రల డబ్బా, పురుగుమందులు తాళంలో పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి అయోమయం పెరిగినా, నీళ్లు కూడా తాగకపోయినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పెద్దల వైద్యుడు గానీ, జనరల్ ఫిజీషియన్, సైకియాట్రిస్టు కలిసి గానీ చూడాలి. వెళ్లేటప్పుడు రెండు ఇళ్లలోని మందుల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొడులు, దగ్గు సిరప్‌లతో సహా ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. అల్ప్రజోలం ఏ తేదీ నుంచి, రోజుకెన్ని వేసుకుంటోందో కాగితం మీద రాసి ఇవ్వండి.