తొమ్మిది ఊళ్లు వద్దు, నాలుగు చాలు

చి. బుజ్జికి మేనత్త ఆశీస్సులు.

మీవాళ్లకి బెంగాల్ నేత ఊళ్లు చూపించడానికని నువ్వు పంపిన ప్రయాణం పట్టీ నిన్న రాత్రి చదివాను. ఏడు రోజులు, తొమ్మిది ఊళ్లు, ఎనిమిది మంది జనం. కలకత్తా, ఫులియా, శాంతిపూర్, కృష్ణనగర్, ముర్షిదాబాద్, బోల్‌పూర్, బిష్ణుపూర్, పంచ్‌మురా, నయా. చదువుతుంటేనే ఆయాసం వచ్చింది. మొదటిసారి నేనూ ఇలాగే వేశాన్లే. ఇన్నేళ్లు చేనేత సంఘాల నూలు లెక్కలు చూసినదాన్ని, మగ్గం గురించి నాకు తెలియనిదేముంది అన్న ధీమా. ఒక్కో మగ్గం దగ్గర పావుగంట. నేతగాడు పని ఆపి మావైపు తిరిగి నవ్వేవాడు, మేం ఫోటో తీసుకునేవాళ్లం, మళ్లీ కారెక్కేవాళ్లం. సాయంత్రానికి ఏ ఇల్లు ఏ ఊళ్లో చూశామో కలగాపులగమైపోయేది.

అందుకని ముందు కత్తెర తీసుకో. ముర్షిదాబాద్ తీసెయ్, కృష్ణనగర్ బొమ్మలు ఇంకోసారి చూడొచ్చు. ఫులియా, బోల్‌పూర్, బిష్ణుపూర్, నయా ఉంచు. పంచ్‌మురా బిష్ణుపూర్‌కి దగ్గరే కాబట్టి దాన్ని వేరే ఊరుగా లెక్కపెట్టను. శాంతిపూర్ అంటావా, ఫులియా పక్క ఊరే. కలకత్తాలో దిగిన రోజు ఢాకూరియా దగ్గర దక్షిణాపణ్‌కి తీసుకెళ్లు, చాలా రాష్ట్రాల ప్రభుత్వ దుకాణాలు ఒకేచోట ఉంటాయి. అక్కడ ఏమీ కొననివ్వకు. చేత్తో ముట్టుకోవాలి, ధర చీటీలు చదవాలి, అంతే. ఏ రకం ఎంత పలుకుతుందో మొదటి రోజే తెలిస్తే ఊళ్లో బేరాలాడే బుద్ధి పుట్టదు. ఇండియన్ మ్యూజియం పెట్టుకుంటే సోమవారం కాకుండా చూసుకో.

ఎప్పుడు వెళ్లాలని అడిగావు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు. దసరా ముందు వెళ్తే మగ్గాలన్నీ ఆడుతుంటాయని ఎవరో చెప్పారన్నావు. ఆడతాయి, కానీ నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. వాళ్లకి ఏడాది కూడు దుర్గాపూజ అమ్మకాల మీదే. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ, ఆ రోజు పనిముట్లకే పూజ, పని ఉండదు. వానాకాలం అసలొద్దు, గంజి పెట్టిన పడుగు, అదే మగ్గం మీది నిలువు పోగులు, ఆరదు. చలికాలమైతే ఇంకో లాభం ఉంది, నొలెన్ గుడ్, అదే కొత్త ఈతబెల్లం. దానితో చేసిన సందేశ్ తిన్నాక మన పూతరేకుల మీద బెంగ కాస్త తగ్గుతుంది. పూర్తిగా పోదనుకో.

ఫులియాకి సియాల్దా స్టేషన్ నుంచి శాంతిపూర్ లోకల్ ఎక్కండి. రెండు గంటలు దాటుతుంది. కారు కంటే ఇదే మేలు, పెట్టెలో గమ్‌చాలు, అదే నేత తువ్వాళ్లు, అమ్మేవాళ్ల దగ్గర్నుంచే మీ చదువు మొదలవుతుంది. ఫులియా నేతగాళ్లలో బసాక్ ఇంటిపేరు వాళ్లు ఎక్కువ. 1947 విభజన తర్వాత తూర్పు బెంగాల్ టాంగైల్ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ గుంటలు తవ్వుకుని మగ్గాలు వేసుకున్నారు. 2024లో ఆ టాంగైల్ చీరకి మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఇస్తే బంగ్లాదేశ్‌లో పెద్ద గొడవైంది, వాళ్లూ గుర్తింపు ఇచ్చుకున్నారు. మీ గుంపులో పేపరు చదివే పెద్దమనిషి ఒకాయన తప్పకుండా ఉంటాడు. ఆ సంగతి మగ్గం దగ్గర ఎత్తొద్దని ముందే చెప్పు. తాతల ఊరు అవతల, మగ్గం ఇవతల, వాళ్లని ఏ పక్షమని అడుగుతాం?

ఒక రోజంతా ఒక్క ఇంట్లోనే ఉండండి. ఎనిమిది మందిని నలుగురేసి రెండిళ్లకి పంచితే ఇంకా మంచిది. చీర లెక్కన కూలి వాళ్లది, మగ్గం ఆగితే కూలీ ఆగినట్టే. కాబట్టి ముందురోజే మనిషిని పంపి, ఆ రోజు పని ఎంత పోతుందో అడిగి, దానికి మించి ఇవ్వడానికి ఒప్పుకో. చీరలు కొంటాంలెండి, అదే మీకు లాభం అనకు. కొనేది కొనేదే, రోజుకూలి రోజుకూలే. డబ్బులు ఇంటావిడ చేతికివ్వు. కండెలు చుట్టేది ఆవిడే, పడుగు సవరించేది ఆవిడే, ఫోటోల్లో మాత్రం ఆయనొక్కడే ఉంటాడు.

ఇంట్లో అడుగుపెట్టేముందు గాజులు, వేలాడే బ్యాగులు, చున్నీలు పక్కన పెట్టించు. ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నదే. రెండోసారి వెళ్లినప్పుడు మాతో వచ్చినావిడ చీర అంచు చూడాలని వంగింది. చేతి గాజు పడుగులో చిక్కుకుని నాలుగు పోగులు తెగాయి. నేతగాడు ఒక్క మాటనలేదు. గుంటలోంచి లేవకుండానే, తెగిన కొసలు వెతికి, ఒక్కో దానికీ వేరే నూలు ముక్క అతికి, వేలి కొసల మధ్య మెలిపెట్టి, దువ్వెనలాంటి అచ్చులోంచి లాగి, బిగువు చూసి వదిలాడు. నాలుగు పోగులకి అరగంట పట్టింది. ఆవిడ సిగ్గుతో ఒక మూల కూర్చుండిపోయింది. ఆ అరగంటలో నేత గురించి తెలుసుకున్నంత మిగతా రోజంతా తెలుసుకోలేదని మాత్రం అందరం ఒప్పుకున్నాం. అలాగని నువ్వు పోగులు తెంపించకు!

నాలుగు ముక్కల బెంగాలీ నేర్పు. "ఎక్టు బోష్‌బో?" అంటే కాసేపు కూర్చోమంటారా అని. "ఛొబి తుల్‌బో?" అంటే ఫోటో తీయనా అని. మొదటిది అడిగిన గంటకి గానీ రెండోది అడగొద్దు. కాగితం మీద గీసిన నమూనాలకి ఫోటోలు అసలే వద్దు. అది వాళ్ల అన్నం, ఫోను లోంచి సూరత్ మరమగ్గానికి చేరడానికి ఒక్క రాత్రి చాలు. ఊళ్లలో హిందీ అంతంతమాత్రం. కలకత్తాలో చదువుకుంటున్న, ఫులియా ఉన్న నదియా జిల్లా పిల్లనెవరినైనా దుబాసీగా పెట్టుకో. కారు డ్రైవర్ని మాత్రం నమ్మకు. ఓసారి మావాడు "నేతగాడి ఇల్లు" అని తీసుకెళ్లింది తన కమీషన్ దుకాణానికి. వాకిట్లో చూపించడానికి ఒక మగ్గం పెట్టారు, దాని మీద దుమ్ము వేలెడు మందం. చేతిమగ్గం చప్పుడు ఆగి ఆగి వస్తుంది, మరమగ్గం ఏకధాటిగా కొడుతుంది. ఆ రెండూ ఫులియా వీధుల్లో పక్కపక్కనే వినిపిస్తాయి, చెవి అలవాటు చేసుకోండి.

బుటాలు చేత్తో నేసే జాందానీ చీర దగ్గర మనవాళ్లు "ఓ, మా ఉప్పాడే కదా" అంటారు. అవును, మన ఉప్పాడే. పేకతో పాటు బుటా పోగుని చేత్తో అడ్డంగా దూర్చి, అక్కడికక్కడే వెనక్కి తిప్పే పని రెండుచోట్లా ఒకటే, పెద్ద పనైతే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాల్సిందే. అందుకే తిరగేసి చూడమను. చేతి జాందానీలో బుటా పోగు ఆ బుటా లోపలే ముగుస్తుంది. మరమగ్గం నకలులో ఒక బుటా నుంచి ఇంకో బుటాకి వెనకాల పోగు సాగుతుంది, దాన్ని కత్తిరించిన మొదళ్లు వేలికి గరుకుగా తగులుతాయి. జాందానీ ఇంకా కావాలంటే శాంతిపూర్ నృసింహపూర్ రేవులో పడవెక్కి గంగ దాటితే కాల్నా. ఓపిక మిగిలితేనే.

ఒక ముచ్చట చెప్పాలి నీకు. మన శ్రీకాకుళం పొందూరులో ఖద్దరుకి పత్తి ఏకేది వాలుగ చేప దవడతో కదా, ఆ సన్నని పళ్ల వరస దువ్వెనలా పనికొస్తుంది. వెనకటి ఢాకా మస్లిన్‌కి పత్తి దువ్విందీ ఆ చేప దవడతోనే. అక్కడ దాని పేరు బోవాల్. ఫులియాలో ఒక పెద్దాయనకి ఈ సంగతి చెప్తే, లోపలికెళ్లి వంటింట్లో ఆవిడకి చెప్పి ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ మధ్యాహ్నం మాకు వడ్డించిందీ బోవాల్ పులుసే.

తిండి మాట వచ్చింది కాబట్టి, మీలో శాకాహారులుంటే "నిరామిష్" అని చెప్పు. అప్పుడు ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. ఊరికే కూరలు అంటే అందులో చేప తలకాయ తేలినా తేలుతుంది. అన్నం ఉప్పుడు బియ్యంది, కూర ఆవనూనెది, రెండో రోజుకి అలవాటవుతుంది. బీర్భూమ్, బాంకురా వైపు గసగసాల పోస్తో మన నోటికి బాగా నప్పుతుంది. ఆవకాయ సీసా నీ బ్యాగులో ఉంచు, బయటికి తియ్యకు, అవసరం నీకే తెలుస్తుంది. ఆడవాళ్ల మరుగుదొడ్డి సంగతి ప్రతి ఇంట్లో ముందే కనుక్కో. దీన్ని ఎవరూ రాయరు, రోజంతా దీని మీదే నడుస్తుంది.

బోల్‌పూర్‌కి సగం రోజు ప్రయాణం. శాంతినికేతన్ చూడాలంటే బుధవారం పెట్టుకోకు, విశ్వభారతికి అది సెలవు. సోనాఝురి అడవిలో జరిగే సంత శనివారం కళకళలాడుతుంది, ఫోటోలు బాగా వస్తాయి, సరుకు మాత్రం అన్ని రకాలదీ కలిసిపోయింది. నన్నడిగితే గంట చాలు. కాంథా చూడాల్సింది నానూర్ వైపు ఊళ్లలో, ఇళ్ల అరుగుల మీద. కాంథా అంటే ఏమిటని మీవాళ్లకి ఉపన్యాసం అక్కర్లేదు, బొంత అను చాలు. మన నిఘంటువులో కంథ అంటే బొంతే. మా అమ్మ పాత చీరలు మడతేసి బొంత కుట్టినట్టే వాళ్ల అమ్మలూ కుట్టారు, కుట్టుదారం కూడా చీర అంచులోంచే లాగేవారు. తేడా ఏమిటంటే వాళ్లు ఆ కుట్టుతోనే ఏనుగుల్నీ, పల్లకీల్నీ, తామరపువ్వుల్నీ నడిపించారు. ఇప్పుడు కొత్త పట్టుబట్ట మీద కుడుతున్నారు. ఇక్కడా తిరగేసి చూడండి. మనిషి కుట్టు ఊపిరి తీసినట్టు కొంచెం ఎక్కువతక్కువగా ఉంటుంది, అన్నీ ఒకే కొలతలో ఉంటే అది మిషనే. కుట్టినావిడకి ఎంత ముడుతుందో దళారీ ఎదురుగా అడక్కు, ఆవిడ చెప్పదు, మీరు వెళ్లాక మాటపడేది ఆవిడే. వీలైతే ఆడవాళ్లు నడుపుకునే సంఘం దగ్గరే కొనండి.

దారిలో గుస్కరా దగ్గర దరియాపూర్‌లో డోక్రా బొమ్మలు, అంటే మైనం నమూనా కరిగించి ఆ చోట ఇత్తడి నింపే బొమ్మలు, పోత పోస్తారు. ఆదిలాబాద్ ఓజాల పని ఎరిగినవాళ్లకి కొత్తేమీ కాదు, టీ తాగి వెళ్లిపోవచ్చు.

బోల్‌పూర్ నుంచి దుర్గాపూర్ మీదుగా బిష్ణుపూర్ మూడు నాలుగు గంటలు. ఇక్కడ వరస తప్పొద్దు, పొద్దున గుళ్లు, మధ్యాహ్నం మగ్గాలు. మల్లరాజులు కట్టించిన ఇటుక గుళ్లు, శ్యామ్‌రాయ్ గుడి 1643 నాటిది, జోర్ బంగ్లా 1655 నాటిది. గోడ నిండా కాల్చిన మట్టి పలకల్లో రథాలు, యుద్ధాలు, వేటలు. ఒక్కొక్కరినీ తమకి నచ్చిన పలక ఒకటి గుర్తుపెట్టుకోమను. మధ్యాహ్నం బాలూచరి పట్టుచీర మగ్గం మీద పమిటలో అదే రథం పట్టుపోగులతో లేస్తుంటే ఎవరూ వివరించక్కర్లేదు. బాలూచరి పుట్టిల్లు ఇది కాదు, ముర్షిదాబాద్ దగ్గరి బాలూచర్. అక్కడ నవాబుల కాలం నాటి చీరల మీద హుక్కా తాగే దొరలు, తర్వాత రోజుల్లో రైలుబండ్లు కూడా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ ఆగిపోయిన నేత, 1950ల్లో బిష్ణుపూర్‌లో, బెజ్జాల అట్టలతో నమూనా లేపే జకార్డ్ మగ్గం మీద మళ్లీ లేచింది. అసలు బాలూచరిలో జరీ ఉండదు, అంతా పట్టే. జరీ ఉన్నదాన్ని స్వర్ణచరి అంటారు. మెరుస్తోంది కదా అని మీవాళ్లు దానికే ఎగబడతారు, నువ్వేం చేయగలవులే.

నయా చివర పెట్టుకో. రైలు బాలిచక్‌లో దిగి ఆటోలో వెళ్లాలి. అక్కడి పటువాలు బొమ్మల పటం చుట్ట విప్పుతూ, ఒక్కో గడి మీద వేలు పెట్టి, పాడుతూ కథ చెప్తారు. మన చేర్యాలలో నకాషీలు పటాలు వేసిస్తే కాకిపడగల వాళ్లూ మిగతావాళ్లూ పాడేవారు, ఇక్కడ వేసినవాళ్లే పాడతారు. చాలామంది ముస్లిములు, పాడేది మనసాదేవి కథ, రామకథ. శంఖుపుష్పం నలిపి నీలం ఎలా తీస్తారో చూపించమంటే చూపిస్తారు. పాట సగంలో "ఎంతకిస్తారు" అనే మనిషి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు, ఆవిణ్ని నీ పక్కనే కూర్చోబెట్టుకో. పాట మొత్తం వినండి, పాటకి విడిగా డబ్బివ్వండి, ఆ తర్వాతే పటం బేరం.

తిరుగు ప్రయాణానికి మళ్లీ హౌరా వెళ్లక్కర్లేదు. బాలిచక్ నుంచి ఖరగ్‌పూర్ దగ్గర. మన ఫలక్‌నుమా, కోరమాండల్ రెండూ అక్కడ ఆగుతాయి. రైల్వే పనులకి వెళ్లి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు ఆ ఊళ్లో బోలెడుమంది. ప్లాట్‌ఫారం మీద "ఏ ఊరమ్మా మీది" అన్న మాట వినపడితే ఆశ్చర్యపోకండి.

నాకు చీర తేవద్దు, బీరువా పట్టడం లేదు. పంచ్‌మురాలో మట్టి గుర్రం జానెడు ఎత్తుది ఒకటి తీసుకురా, ఎరుపుది. చెవులూ తోకా విడిగా చేసి బెజ్జాల్లో దూరుస్తారు, ఊడి వస్తాయి. కొన్న వెంటనే తీసి వేరే గుడ్డలో చుట్టి చేతిసంచీలో పెట్టుకో. కిందటిసారి నేను తెచ్చినది ఇంటికొచ్చేసరికి ఒంటి చెవిదైంది, అలాగే టీవీ మీద కూర్చుని ఉంది.

నీ మేనత్త,
కాకినాడ