నాన్నకు షుగర్, గుండెపోటు.. నాకూ తప్పదా?

ప్రశ్న: నా వయసు 36. ఐటీ ఉద్యోగం. నడుము 97 సెంటీమీటర్లు. నాన్నకు 40 దాటగానే షుగర్, 51లో గుండెపోటు వచ్చాయి. ఈమధ్య చెకప్‌లో నా హెచ్‌ఎస్-సీఆర్‌పీ 4.2 వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందన్నారు. రెండు పూటలా అన్నం, సాయంత్రం బజ్జీలో పకోడీలో తింటాను. ఇంట్లో ముగ్గురం, నెలకు 5 లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె అవుతుంది. జీన్స్‌లోనే ఉన్నప్పుడు తిండి మార్చుకుని లాభమేంటి? జీన్ టెస్టు చేయించుకోమంటారా?
- ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ 4.2 సంగతి చూద్దాం. హెచ్‌ఎస్-సీఆర్‌పీ అంటే ఒంట్లోని ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే లోలోపలి వాపును, పట్టిచూపే రక్తపరీక్ష. అది 3 దాటితే గుండెజబ్బు ముప్పు ఎక్కువని లెక్క. కానీ జలుబు చేసినా, చిగుళ్లు వాచినా ఇది పెరుగుతుంది. టెన్షన్ పడకుండా, ఒంట్లో ఏ నలతా లేనప్పుడు రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి. అప్పుడూ 3 పైనే ఉంటే నాకు ముందుగా అనుమానం వచ్చేది మీ నడుము మీదే. మన మగవాళ్లకు అది 90 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. వాటి ప్రభావంతో కాలేయం తయారుచేసేదే సీఆర్‌పీ. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికీ, రక్తనాళాల్లో పూడికలు పెరగడానికీ ఈ రసాయనాలు తోడవుతాయి.

ఇక జీన్స్. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు షుగర్ ముప్పు ఎక్కువ. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్లమీద పెద్ద అధ్యయనం చేశారు. తిండి తగ్గించి, వారానికి 150 నిమిషాలు నడిచి, బరువు తగ్గినవాళ్లలో షుగర్ ముప్పు 58 శాతం తగ్గిందని 2002లో తేలింది. తర్వాత వాళ్ల జన్యువులు పరీక్షిస్తే, ఆ మార్పు ఉన్నవాళ్లకూ మేలు జరిగిందని బయటపడింది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న సూటి జవాబు ఇదే.

నూనె విషయంలో పుణెలో తేలిన సంగతి ఒకటుంది. తరాలుగా శాకాహారం తినేవాళ్లలో ఒక జన్యు మార్పు ఎక్కువగా కనిపించింది. మొక్కల నుంచి వచ్చే ఒమేగా-6 కొవ్వును అరాకిడోనిక్ ఆమ్లంగా మార్చడంలో అది చురుగ్గా ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్‌కు పనికొచ్చే ముడిసరుకు ఆ ఆమ్లమే. సన్‌ఫ్లవర్ నూనెలో ఒమేగా-6 దండిగా ఉంటుంది. అలాగని ఆ నూనె విషమేమీ కాదు, మీరు వాడే మోతాదే ఎక్కువ. మనిషికి నెలకు ముప్పావు లీటరు, కాస్త అటూఇటూగా చాలు. అంటే మీ ముగ్గురికీ రెండున్నర లీటర్లు. అందులోనూ కొంత వేరుశనగ నూనెకు మారండి. అవిసె గింజల పొడి ఓ చెంచా కూరలో కలుపుకోండి, ఒమేగా-3 అందుతుంది. బజ్జీలు వారానికోసారి చాలు. పళ్లెంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని మిగిలిన చోటే అన్నం పెట్టుకోండి. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆ కూర, పప్పుల్లోని పీచే ఆహారం.

జీన్ టెస్టుకు డబ్బు పెట్టొద్దు. మీ నాన్నగారి ఆస్పత్రి ఫైలు మీకు అంతకంటే ఎక్కువ చెబుతుంది. అయితే తిండితో దాదాపు కదలనిది ఒకటుంది, లైపోప్రోటీన్-ఎ. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణమిది, ఎక్కువైతే గుండెపోటు ముప్పు పెరుగుతుంది. అది పుట్టుకతో వచ్చేదే. నాన్నగారికి 55 లోపే గుండెపోటు వచ్చింది కాబట్టి జీవితంలో ఒక్కసారి ఆ రక్తపరీక్ష చేయించండి. దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, బీపీ కూడా. లైపోప్రోటీన్-ఎ డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఆ రిపోర్టుతో కార్డియాలజిస్టును కలవండి.