మంచి పాలు ఎవరివి?

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సర్వసభ్య సమావేశంలో మంచి పాలు పోసినవాళ్లకు బహుమతులివ్వాలని మీ పాల సంఘం పాలకవర్గం తీర్మానించిందట కదా. లిస్టు తయారుచేసే పని సెక్రటరీగా నీ నెత్తిన పడిందని మీ అత్తయ్య చెప్పింది. టెన్షన్ పడకు గానీ, తేలిక పని అని కూడా అనుకోకు. బోనస్ తగ్గినా సర్దుకునే మనిషి, పక్కింటివాళ్ల పాలు తన పాలకంటే మంచివంటే మాత్రం ఊరుకోడు.

ముందు లీటర్ల లెక్క పక్కన పెట్టు. పూటకు 10 కిలోల పాలు 5 శాతం వెన్నతో పోసినాయన ఇచ్చేది అరకిలో వెన్న. 6 కిలోలే 8 శాతంతో పోసినామె ఇచ్చేది 480 గ్రాములు. దాదాపు సమానమే. అలాగని రోజువారీ శాతాలన్నీ కూడి పూటల సంఖ్యతో భాగించకు. పొద్దున 5 కిలోలు 6 శాతం, సాయంత్రం ఒక్క కిలో 9 శాతం పోసినవాళ్లకు అలా లెక్కిస్తే 7.5 వస్తుంది. నిజానికి వాళ్ల పాలు 6.5 శాతమే. ఏడాది మొత్తం వెన్నను ఏడాది మొత్తం పాలతో భాగించు. ఎస్.ఎన్.ఎఫ్.కూ, అంటే వెన్న, నీళ్లు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థానికీ, అదే పద్ధతి. వెన్న తీస్తే, పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్ పైకి లేస్తుంది, నీళ్లు పోస్తే కిందికి దిగుతుంది. రెండూ చేసిన ఘనుడు లాక్టోమీటర్ దగ్గర దర్జాగా పాసైపోతాడు, ఫ్యాట్ పరీక్షలో దొరుకుతాడు. అందుకే రెండు అంకెలూ చూడాలి.

ఆవుపాలవాళ్లకు వేరే లిస్టు వెయ్యి. గేదెపాలతో కలిపితే వాళ్లెప్పుడూ అడుగునే ఉంటారు.

గేదె ఒట్టిపోయే ముందు పాలు తగ్గి వెన్న పెరుగుతుంది. కాబట్టి ఒక్క నెల అంకెలు చూసి మురిసిపోకు. నన్నడిగితే అసలు పరీక్ష ఎండాకాలమే. చలికాలంలో ఈనిన గేదెలు ఎక్కువ, పాల కేంద్రం ముందు క్యూ కడతారు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చిగడ్డి దొరకదు, హోటళ్లవాళ్లు ఇంటికొచ్చి ఎక్కువ ఇస్తామంటారు. అప్పుడు కూడా మన క్యాన్‌లో పోసినవాళ్లను నేనైతే ఒక మెట్టు పైన పెడతాను. ఒంటిగేదె ఉన్న ఇల్లు మాత్రం వేరు. గేదె ఒట్టిపోయిన నెలల్ని గైర్హాజరీ కింద రాయకు. నిజంగా ఒట్టిపోయిందా, పాలు హోటల్‌కు పోతున్నాయా అని అనుమానమొస్తే, చూడికి సూది వేయించిన చీటీ అడుగు. ఆ తేదీ నుంచి పది నెలలు లెక్కేస్తే ఈనే నెల తెలుస్తుంది. దానికి ముందు రెండు నెలలు పాలు లేకపోవడం సహజమే.

ఇక అన్నిటికంటే ముఖ్యం శాంపిల్. నువ్వెన్ని లెక్కలు కట్టినా, పొద్దున ఆరింటికి శాంపిల్ తీసే కుర్రాడి చేతిలోనే ఉంటుంది అంతా. తెచ్చిన పాలు కాసేపు కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది. పైపైన ముంచితే ఫ్యాట్ ఎక్కువ, అడుగు నుంచి తీస్తే తక్కువ. గరిటెను అడుగుదాకా దించి నాలుగైదుసార్లు కిందామీదా కలిపి, నురగ పక్కకు నెట్టి, అప్పుడు తియ్యాలి. తెలిసినవాళ్లకు ఒక రకంగా, తెలియనివాళ్లకు ఒక రకంగా ముంచుతున్నాడేమో నాలుగు రోజులు పక్కన నిలబడి చూడు. ఫ్యాట్ చూపించే మెషీన్‌ను కూడా గుడ్డిగా నమ్మకు. అప్పుడప్పుడూ అవే పాలకు పాత పద్ధతిలో, 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటర్ ఎమైల్ ఆల్కహాల్ పోసి తిప్పి, రెండు అంకెలూ పోల్చి చూడు.

అడుగున ఉన్నవాళ్ల పేర్లు సభలో చదవకు. వాళ్లింటికి వెళ్లు. పొదుగువాపు ఉండొచ్చు, వరిగడ్డి తగ్గించి దాణా పెంచి ఉండొచ్చు, ఆఖరి ధారలన్నీ దూడే తాగుతుండొచ్చు. మోసమే అయితే అది కమిటీ చూసుకోవాల్సిన విషయం, బహుమతుల సభలో తేలేది కాదు.

లిస్టును మీటింగుకు వారం ముందే కేంద్రం గోడకు అంటించు, ప్రెసిడెంటుగారి వియ్యంకుడి అంకెలతో సహా. అభ్యంతరం ఉన్నవాళ్లు రసీదులు తెచ్చుకుంటారు. బహుమతిగా స్టీలు బిందెలు వద్దు, ఖనిజ లవణ మిశ్రమం ప్యాకెట్లో, దాణా బస్తానో ఇప్పించు.

ఇట్లు,
మీ మామయ్య