యుద్ధశాస్త్రాలు చదువుతున్న మనవడికి

చిరంజీవి మనవడిని తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బరంపురంలో మేమంతా క్షేమం. నీ ప్రాజెక్టు కాగితాలు రెండుసార్లు చదివాను. యుద్ధం గురించి రాసిన నలుగురికి, అంటే అర్థశాస్త్రం కౌటిల్యుడు, ప్రాచీన చైనా సున్ జు, యూరప్ వాళ్ళు క్లాజ్‌విట్జ్, జోమినీలకు పట్టిక గీసి, ఎవరు గొప్పో మార్కులు కూడా వేశావు. బాబూ, ఆ పట్టిక పక్కన పెట్టు. ముందు ఒక్కొక్కరూ ఏం చూసి ఆ మాట అన్నారో పట్టుకో.

జోమినీ నెపోలియన్ సైన్యంలో పనిచేసిన స్విస్ అధికారి. కీలకమైన చోట బలగాన్ని కూడదీయాలంటాడు. మ్యాపు ముందు కూర్చున్నప్పుడు పనికొస్తాడు, అంతే.

క్లాజ్‌విట్జ్ దగ్గర ఆగు. ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు అధికారి. 1806లో నెపోలియన్ చేతిలో ఆ సైన్యం చితికిపోతే ఖైదీగా ఫ్రాన్సు వెళ్ళినవాడు. 1831లో కలరాతో పోయాడు. దిద్దడం పూర్తికాని 'ఆన్ వార్' పుస్తకాన్ని భార్య అచ్చు వేయించింది. అందుకే ఒకచోటి మాట ఇంకోచోట పొసగదు. మొదటి అధ్యాయాన్ని గట్టిగా పట్టుకో. ఆ భాగంలోనే ఏడో అధ్యాయంలో, యుద్ధంలో అన్నీ సులువే, కానీ ఆ సులువైనదే కష్టం అంటాడాయన. హవల్దారుగా ఉన్నప్పుడు ఒక రాత్రి యుద్ధ ఎక్సర్‌సైజులో అది నాకు తెలిసొచ్చింది. మోకాలిలోతన్న వాగు సాయంత్రం వానకి నడుము దాటింది. వీపున తడిసిన పిట్టూ (సామాను సంచి), తలమీదికెత్తిన రైఫిలు, అడుగు వేస్తే కాలికింద ఇసుక జారిపోతోంది. ఇరవై నిమిషాల దారి రెండు గంటలు పట్టింది. క్లాజ్‌విట్జ్ కూడా యుద్ధాన్ని నీళ్ళలో నడకతోనే పోల్చాడని చాలా ఏళ్ళ తర్వాత చదివి, పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

కౌటిల్యుణ్ణి 'మన క్లాజ్‌విట్జ్' అని రాశావు. కొట్టేయి. సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా వేచి ఉండడం), యానం (దండెత్తడానికి కదలడం), సంశ్రయం (బలవంతుడి అండ చేరడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, ఇంకొకరితో యుద్ధం) అని ఆయన చెప్పిన ఆరు గుణాల్లో యుద్ధం ఒక్కటే. ఆయన చూపు రాజ్యం మొత్తం మీద ఉంటుంది.

ఇప్పుడు వీళ్ళను ఒకే నేల మీద నిలబెట్టు. మన గంజాం జిల్లాలోనే ఋషికుల్య ఒడ్డున, నాటి కళింగ నేల మీద, అశోకుడి శాసనాలు చెక్కిన జౌగడ ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభై వేలమందిని చెరపట్టి తరలించారనీ అశోకుడు తన 13వ శిలాశాసనంలో తానే చెప్పుకున్నాడు. ఆ శాసనం జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌళి రాతిమీదా లేదు. ఓడినవాళ్ళ గడ్డమీద దాని బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు. మనుషులందరూ నా బిడ్డలే అన్నాడు, అన్యాయంగా ఎవర్నీ చెరలో పెట్టొద్దని అక్కడి సమాప పట్టణపు అధికారులకు ఆజ్ఞ ఇచ్చాడు, సరిహద్దు జనం తనను చూసి భయపడకూడదన్నాడు. నాకు బ్రాహ్మీ లిపి రాదు. అయినా ఆ రాతి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఊళ్ళకు ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఆ లెక్క మళ్ళీ చదివి వినిపించకూడదని ఆయనకు తోచి ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడినుంచి ప్రశ్నలు వేయి. శత్రురాజ్యాన్ని చెడగొట్టకుండా చేజిక్కించుకోవడమే మేలన్న సున్ జు కళింగ విజయాన్ని ఏమనేవాడు? యుద్ధఫలితం ఎప్పుడూ తుదితీర్పు కాదన్న క్లాజ్‌విట్జ్ మాటకు ఈ రాయి సాక్ష్యమవుతుందా? అర్థశాస్త్రం 13వ అధికరణం చివర 'లబ్ధప్రశమనం' (గెలుచుకున్న నేలను శాంతపరచడం) ఉంది. గెలిచిన నేలలో ఆ ప్రజల భాష, వేషం, ఆచారమే పాటించాలి, చెరలో ఉన్నవాళ్ళను వదలాలి, దీనులను, రోగులను ఆదుకోవాలి అంటుంది. ఆ శాసనాల పక్కన పెట్టి చదువు. అశోకుడు అర్థశాస్త్రం చదివాడని మాత్రం రాయకు, ఆ గ్రంథకాలం మీద పండితుల్లో ఇంకా వాదం నడుస్తోంది.

నేటి వ్యూహానికి వీటివల్ల ఏం లాభమని మీ మాస్టారు అడుగుతారు. సిద్ధాంతం సేనాని బుద్ధికి ముందుగా ఇచ్చే తర్ఫీదే గాని, రణరంగంలో వెంటవచ్చి చెయ్యిపట్టి నడిపించేది కాదని క్లాజ్‌విట్జే రాశాడు. ఆ వాగులో నేను చూసిందీ అదే. అలాగే చెప్పు.

దసరాకి రా. పొద్దున్నే పురుషోత్తంపురం బస్సెక్కి జౌగడ వెళ్దాం. నోటుబుక్కు తెచ్చుకో, ఎండ ముదరక ముందే శాసనం చూసేయాలి.

మీ తాతయ్య